బయటివాళ్లకు టీ

జనవరి 8, బుధవారం

ఇవాళ్టి నుంచి ఆఫీసులో నా కప్పు నేనే తెచ్చుకోవాలట.

మేనేజరు బయటివాళ్లందరినీ కారిడార్లోకి పిలిచి చెప్పాడు. ఆ మాటేదో మీటింగ్ రూములో కూర్చోబెట్టి చెప్పొచ్చు కదా అన్నాను. మీటింగ్ రూములో కూర్చుంటే లోపలివాళ్లలా కనిపిస్తారు మేడం అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. లిఫ్టు పక్కన, నీళ్ల క్యాన్ల మధ్య నిలబడి మిగతాదంతా విన్నాం.

ఇదంతా పోయినేడాది సభలో పాసయిన పన్ను రూలు పుణ్యం. అసలు పేరు బారెడు పొడవుంటుంది. మేం లోపలిమనిషి రూలు అంటాం. నాలాగా కాంట్రాక్టు మీద, చేసిన పనికి బిల్లు పెట్టుకుని బతికేవాళ్లు చూడ్డానికి ఆఫీసు మనిషిలా కనిపిస్తే చాలు, ఉద్యోగి కింద జమకట్టి పన్ను కోస్తారు. అలా కనిపించనిచ్చినందుకు ఆఫీసుకు జరిమానా. సరే, ఉద్యోగి అన్నారుగా, మరి సెలవులూ ఇన్సూరెన్సూ ఇవ్వండి అంటే, అబ్బే, మీరు బయటివాళ్లు కదా అంటారు. తీసుకునేటప్పుడు లోపలివాళ్లం, ఇచ్చేటప్పుడు బయటివాళ్లం. ఇంత సిగ్గులేని రూలు రాసిన చేత్తో వాళ్లు అన్నం ఎలా తింటున్నారో.

లోపలిమనిషిని పట్టుకునే గుర్తులు కూడా పన్ను శాఖ వాళ్లే చెప్పారు. రోజూ ఒకే కుర్చీలో కూర్చోవడం. ఆఫీసు కప్పులో టీ తాగడం. ఎవరిదైనా పుట్టినరోజైతే కేకు తినడం. గ్రూప్ ఫొటోలో ఉండడం. ఎవరో పెద్దమనుషులు ఏసీ గదిలో కూర్చుని, మేం టీ ఎలా తాగుతామో కేకు ఎలా తింటామో ఇంత శ్రద్ధగా ఆలోచించారు. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

నా కప్పు నీలం రంగుది. పిడి దగ్గర కాస్త పెచ్చు లేచింది. అడుగున తెల్లరంగుతో నా పేరు ఉంటుంది. అది రాసింది నా పక్కన కూర్చునే పిల్ల. పర్మినెంటు ఉద్యోగి. ఇద్దరం ఒకే ఏడాది ఇక్కడికి వచ్చాం, ఇద్దరం బిల్డింగ్ డ్రాయింగులు గీస్తాం. అది నన్ను అక్కా అంటుంది, నేను దాన్ని పక్కసీటూ అంటాను. మేనేజరు స్టాండులోంచి మా కప్పులన్నీ తీయించి చెత్తబుట్టలో వేయిస్తుంటే నాది లాక్కుని తన టేబుల్ మీద పెట్టుకుంది. గబగబా అందులో పెన్సిళ్లు వేసేసి, ఇప్పుడిది కప్పు కాదు సార్, పెన్సిళ్ల స్టాండు అంది. మేనేజరు తర్వాతి కప్పు తీయమని చూపించాడు.

జనవరి 9

ఫ్లాస్కు కొన్నాను. స్టీలుది. దాన్ని చూస్తేనే ఒళ్లు మండుతోంది.

జనవరి 17, మధ్యాహ్నం 3

పక్కసీటు పుట్టినరోజు. లోపల చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. స్ట్రక్చర్ లెక్కలు చేసే ఆయనా నేనూ కారిడార్లో నిలబడి ఉన్నాం. ఆయనా నాలాగే బయటివాడు. ఫోనులో ఏదో ముఖ్యమైనది చదువుతున్నట్టు మొహం పెట్టాడు. స్క్రీను ఆరిపోయి ఉంది.

3.40

పక్కసీటు ట్రేసింగ్ పేపర్లో కేకు ముక్క చుట్టి తెచ్చి మెట్ల దగ్గరికి రమ్మని సైగ చేసింది. రెండంతస్తుల మధ్య మలుపులో నిలబడి తింటున్నాను. కింద నుంచి ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడు. ముక్క మొత్తం నోట్లో కుక్కేసుకున్నాను. మేనేజరే. పొలమారి కళ్లలో నీళ్లు వచ్చేశాయి. ఏమైంది మేడం, ఒంట్లో బాగాలేదా అంటాడు. నోరు తెరవలేక తల ఊపాను. ఆయన పైకి వెళ్లేదాకా దవడలు కదపకుండా నిలబడ్డాను.

నలభై దాటిన మనిషిని. క్లాసులో దొంగతనంగా చాక్లెట్టు తిందని మొన్ననే నా కూతుర్ని తిట్టాను. ఛీ.

జనవరి 26, ఆదివారం

బయటివాళ్ల సంఘం మొదటి మీటింగ్. రూలు రద్దు చేయించాలని మా ఊళ్లో కాంట్రాక్టు పనివాళ్లంతా కలిసి పెట్టుకున్నాం. అధ్యక్షుడు సబ్బులకూ బ్యాంకులకూ యాడ్స్‌లో గొంతు ఇచ్చే మనిషి. అందరూ ఆయన్ని మైకు అంటారు. ఆయన రికార్డింగ్ గదిలోనే కూర్చున్నాం. కిటికీ లేదు, గోడల నిండా స్పాంజి. కెమెరా ఆయన అరిచాడు, అనువాదాలు చేసే ఆవిడ అరిచింది, నేనూ అరిచాను. ఒక్క ముక్క బయటికి పోదు. ఆ గది కట్టిందే అందుకు.

రూలు రద్దయ్యేదాకా నిద్రపోనని మైకు ప్రతిజ్ఞ చేశాడు. బట్టల సబ్బు గురించి కూడా అదే గొంతుతో చెబుతాడు. అయినా చప్పట్లు కొట్టాను, ఇంకేం చేయను.

ఒకటి గమనించాను. అక్కడ ఆఫీసు లేదు, మేనేజరు లేడు. అయినా ఎవరి ఫ్లాస్కు వాళ్లే తీసుకుని, ఎవరిది వాళ్లే తాగారు. కాస్త పోయమంటారా అని ఒక్కరూ పక్కవాళ్లను అడగలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 4

మళ్లీ కారిడారు. మళ్లీ నీళ్ల క్యాన్లు. బడ్జెట్ సమావేశాలు అయ్యేలోపు రూలు పోకపోతే మార్చి 31తో బయటివాళ్లందరికీ సెలవు అని చెప్పాడు. పైవాళ్లు భయపడుతున్నారు మేడం, నాకు మాత్రం సరదానా అన్నాడు. చేతిలో పొగలు కక్కుతున్న టీ.

ఇంకో ఆఫీసు దొరక్కపోదు అంటారు మా ఆయన. దొరకదు. అన్ని ఆఫీసులదీ ఇదే భయం. పైగా నా ఏడుపు ఈ ఆఫీసు గురించి కాదు. పిల్లల ఆసుపత్రి గురించి. మూడేళ్లుగా దాన్నే గీస్తున్నాను. ముందు గుమ్మం నుంచి మొదటి అంతస్తు వార్డు దాకా ఒక ర్యాంపు ఉంది. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్ల ఎవరూ తోయకుండా తన చేతులతోనే ఎక్కగలిగేంత వాలు పెట్టాను. చాలా పొడవొచ్చింది. కట్టేవాళ్లకు అది కంట్లో నలుసు. సగానికి కుదించండి, ఆ జాగాలో మందుల షాపు వస్తుంది, ఎలాగూ వెనక నుంచి ఎవరో ఒకరు తోస్తారుగా అంటారు. ప్రతి మీటింగ్‌లోనూ పోట్లాడుతున్నాను. నేను కుర్చీ ఖాళీ చేసిన మర్నాడే దాన్ని కుదించేస్తారు. అందులో నాకు అనుమానం లేదు.

అందుకని రేపట్నుంచి నాయకుల గుమ్మాలెక్కే బృందంలో నేనూ ఉంటానని మైకుకు ఫోన్ చేసి చెప్పాను.

ఫిబ్రవరి 9

నాయకుల దగ్గరికి తీసుకెళ్లడానికి సంఘం ఒక మనిషిని పెట్టుకుంది. నా పని తలుపులు తెరిపించడం అని పరిచయం చేసుకున్నాడు. అప్పట్నుంచీ తలుపులాయన. మెత్తటి బూట్లు, మెత్తటి మాట. షేక్‌హ్యాండ్ ఇస్తే చెయ్యి వదలడు.

రూలు ఎందుకు తప్పో మేం నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాం. అది ఎవరూ చదవరు మేడం, నాకు కన్నీళ్లు కావాలి అన్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి ఇంట్లో ఎవరికైనా జబ్బుందా అని అడిగాడు. కెమెరా ఆయన తండ్రి జబ్బుతో మంచం పట్టాడు. తలుపులాయన మొహం వెలిగిపోయింది. మీరు ముందు వరసలో కూర్చోవాలి సార్ అన్నాడు. నా వంతు వచ్చింది. మా అత్తగారు దుక్కలా ఉన్నారు, రోజూ పార్కు చుట్టూ తిరుగుతారు అని చెప్పాను. పోనీ పుట్టింటి వైపు ఎవరైనా అని ఆశగా అడిగాడు. మా అమ్మ కూడా బాగానే ఉంది, క్షమించాలి అన్నాను. ఆయనకు వెటకారం తెలియలేదు. పర్లేదు మేడం, మీరు వెనక వరసలో కూర్చోండి అన్నాడు.

ఇంటికొచ్చి చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

ఫిబ్రవరి 13

ముందుగా పాత మంత్రి దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు ప్రతిపక్షం. ఇది దుర్మార్గమమ్మా, మీ వెనక నేనున్నాను, సభను దద్దరిల్లజేస్తాను అని టేబుల్ మీద గుద్దాడు. గ్లాసులో నీళ్లు తొణికాయి. అనువాదాలావిడకు ముక్కుసూటిగా పోవడం అలవాటు. ఈ రూలు మొదట ప్రతిపాదించింది మీరే కదండీ, మీరు మంత్రిగా ఉన్నప్పుడు అని అడిగేసింది. ఆయన కనురెప్ప కూడా కొట్టలేదు. అప్పటి పరిస్థితులు వేరు తల్లీ అన్నాడు. ఆ తల్లీ అనడంలో వెన్న కారింది.

చివర్లో ఫొటో అన్నారు. మాకు గ్రూప్ ఫొటో అంటే గుండె దడ. అలవాటైపోయింది మరి. ఒకళ్లకొకళ్లం ఎడంగా, వేరే వేరే బస్సుల కోసం నిలబడ్డవాళ్లలా నిలబడ్డాం. ఫొటోగ్రాఫరు దగ్గరికి జరగండి, ఇంకా దగ్గరికి జరగండి అని మొత్తుకుంటూనే ఉన్నాడు. ఫొటో చూశాను. పాత మంత్రి మధ్యలో పళ్లికిలిస్తున్నాడు. చుట్టూ మేం, ఎవరికీ ఏమీ కానట్టు.

ఫిబ్రవరి 20

పాలక పక్షం సభ్యుడొకాయన ఇంటి ముందు పొద్దున్నుంచీ పడిగాపులు. ఆయన వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాడని మధ్యాహ్నం వాచ్‌మన్ చెప్పాడు. తలుపులాయన మాత్రం ఇది మంచి సూచన అంటాడు. దాక్కుంటున్నాడంటే భయపడుతున్నట్టేనట.

ఫిబ్రవరి 27

ఆఫీసులో రోజుకో కుర్చీ మారుస్తున్నాను. ఇవాళ ప్రింటరు పక్కన. అక్కడి నుంచి పక్కసీటు కనిపించదు. ర్యాంపు గురించి ఏదైనా అడగాలంటే మెయిల్ పెట్టుకుంటున్నాం, పది అడుగుల దూరంలో ఉండి.

మార్చి 2, ఆదివారం, సాయంత్రం 6

 నాకొచ్చింది కోపమో సిగ్గో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

అసలు మనిషి ఈయనే. పన్నుల కమిటీ ఛైర్మన్. ఈయన ఊ అంటే రూలు పోతుంది, ఊహూ అంటే ఉంటుంది. తలుపులాయన నానా తంటాలు పడి ఆదివారం పొద్దున ఇంటికి రమ్మనిపించుకున్నాడు. పదకొండు మందిమి వెళ్లాం. పాతకాలపు పెద్ద హాలు, గోడకు వరసగా సోఫాలు. ఛైర్మన్ గారు ఇంటి బట్టల్లోనే వచ్చి కూర్చున్నారు. ఒప్పుకుంటాను, మనిషి బాగానే మాట్లాడారు. కెమెరా ఆయన తండ్రి గురించి రెండు నిమిషాలు శ్రద్ధగా అడిగారు. నన్ను చూసి ఏం చేస్తావమ్మా అన్నారు. వెనక వరసలోంచే ర్యాంపు సంగతి చెప్పాను. మా మనవరాలు కూడా చక్రాల కుర్చీలోనే తిరుగుతుందమ్మా, నీ ర్యాంపు వాలు ఎంత పెట్టావు అని అడిగారు! చెప్పాను. తల ఊపారు. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగాక ఒక మనిషి నా మాట విన్నాడు. గుండె తేలికపడింది. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య వచ్చారు. పనివాళ్ల చేత పంపలేదు, తనే ట్రే పట్టుకుని వచ్చారు. పూల అంచు కప్పులు. అల్లం వాసన హాలంతా నిండింది. తీసుకోండి, మా ఇంటి టీ తాగకుండా ఎవర్నీ పంపం అన్నారు ఛైర్మన్ గారు నవ్వుతూ.

పదకొండు మందిమీ ఒక్కసారే వద్దండీ అన్నాం.

ఎవరూ అనుకుని అనలేదు. నోరు దానంతటదే అనేసింది. అంతటితో ఆగినా బాగుండేది. మైకు బ్యాగులోంచి ఫ్లాస్కు తీశాడు. అది చూసి కెమెరా ఆయన తీశాడు. స్ట్రక్చర్ ఆయన తీశాడు. నా చెయ్యి కూడా బ్యాగులోకి వెళ్లింది. మూతలు తిప్పుతున్న చప్పుడు హాలంతా కిర్రుమంది. పెద్దావిడ ట్రే పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నారు. ఆవిడ చుట్టూ పదకొండు మందిమి మా మా మూతల్లో మా మా టీలు పోసుకుంటున్నాం.

మైకు ఒక గుక్క తాగాక గానీ జరిగింది తెలియలేదు. తెలిశాక ఇంకా చెడగొట్టాడు. గొంతు సవరించుకుని, మేం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోమండీ, అది మా నియమం అన్నాడు, బ్యాంకు యాడ్ గొంతుతో.

ఛైర్మన్ గారు మైకు చేతిలోని మూత వైపు చూశారు. తర్వాత, మా ఇంటి టీలో ఏం కలిపామనుకున్నారయ్యా అని అడిగారు. నెమ్మదిగానే అడిగారు. పెద్దావిడ ట్రేతో వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నేను లేచి చెప్పబోయాను. ఇదంతా మీ రూలు చేసిందేనండీ, రెండు నెలల్లో మమ్మల్ని ఇలా తయారుచేసింది అని. రూలు గురించి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది! కానీ తలుపులాయన నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు. రెండు నిమిషాల్లో అందరం గేటు బయట ఉన్నాం.

రోడ్డు మీద ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. నువ్వు ముందు తీశావంటే నువ్వు తీశావని. నా చేతిలో ఫ్లాస్కు మూత ఇంకా అలాగే ఉంది, టీతో సహా. రోడ్డు పక్క మోరీలో పారబోశాను.

మార్చి 4

పేపర్లో వచ్చింది. గుమ్మంలోకి పిలిచి టీ ఇస్తే తాగని అహంకారులు, వీళ్లా పన్ను తగ్గించమనేది అని ఛైర్మన్ గారు ఎవరితోనో అన్నారట. మా ఆయన చదివి నవ్వు ఆపుకోలేకపోయారు. నేను పేపరు లాక్కుని మడిచేశాను. 

మార్చి 7

క్షమాపణలకు వెళ్లాం. మనిషికి రెండు కప్పులు తాగాలి, తక్కువ తాగితే ఊరుకోను అని కారులో తలుపులాయన హుకుం.

ఈసారి హాల్లోకి రానివ్వలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కెమెరాలవాళ్లను ముందే పిలిపించి ఉంచారు. టీ ఇంట్లోది కాదు, బయటి నుంచి డ్రమ్ములో తెప్పించారు. కాగితం కప్పులు. చల్లారిపోయిన తీపి నీళ్లు. ఛైర్మన్ గారు స్వయంగా అందిస్తుంటే కెమెరాలు టపటపలాడాయి. మైకు తాగి, అమృతంలా ఉందండీ అన్నాడు. ఇంకొకటి తీసుకోవయ్యా అన్నారు. తీసుకున్నాడు. అనువాదాలావిడ కళ్లు మూసుకుని మందులా మింగింది. స్ట్రక్చర్ ఆయనకు షుగరు. ఆయనా తాగాడు. నేనూ తాగాను, రెండు కప్పులూ. ర్యాంపు కోసం తాగుతున్నానని మనసులో అనుకుంటూ తాగాను. 

వెళ్లేటప్పుడు పక్క గుమ్మంలో పెద్దావిడ కనిపించారు. దగ్గరికెళ్లి, ఆ రోజు మిమ్మల్ని అవమానించాలని కాదమ్మా అన్నాను. ఆ రోజు మీరొస్తున్నారని పాలు విడిగా తెప్పించానమ్మా అన్నారు. అంతే. తలుపు వేసేసుకున్నారు.

మార్చి 8

ఫొటోలన్నిటిలో ఛైర్మన్ గారు వంగి టీ ఇస్తున్నారు. మేం చేతులు చాచి ఉన్నాం.

మార్చి 18

కమిటీ ముందు మా వాదన చెప్పుకోవడానికి సంఘానికి ఐదు నిమిషాలిచ్చారు. అందులో మూడు మైకు ధన్యవాదాలకే సరిపోయాయి. ఒక సభ్యుడు నిద్రపోతున్నాడు. ఒకాయన బల్ల కింద ఫోనులో ఆటేదో ఆడుతున్నాడు, వెనక గోడ అద్దంలో కనిపిస్తోంది. పన్ను శాఖ అధికారి లేచి, పాత మంత్రితో మేం దిగిన ఫొటో చూపించాడు. చూడండి, వీళ్లకు ఒకరితో ఒకరికే పొసగదు, ఇంతమంది తరఫున మాట్లాడతామంటారు అన్నాడు. అందరూ నవ్వారు. ఛైర్మన్ గారు కూడా నవ్వారు. నా వైపు ఒకసారి చూశారు. గుర్తుపట్టారో లేదో తెలియదు.

మార్చి 26, మధ్యాహ్నం

సభ టీవీలో చూస్తున్నాను. ఛైర్మన్ గారు లేచారు.

మా ఇంటికి వచ్చిన బిడ్డలు టీ తాగడానికి భయపడ్డారు అధ్యక్షా అన్నారు.  కండువాతో కళ్లద్దుకున్నారు. ఒక కప్పు టీ మనిషినీ మనిషినీ కలుపుతుంది, దాన్ని కూడా ఈ రూలు నేరం చేసింది, నా మనసు విలవిల్లాడింది అన్నారు. అటువాళ్లూ ఇటువాళ్లూ బల్లలు చరిచారు. పాత మంత్రి అందరికంటే గట్టిగా చరిచాడు. నాకు కాలు నిలవలేదు. రద్దు చేస్తున్నాడు, రద్దు చేస్తున్నాడు అని అరిచాను. పక్కసీటుకు ఫోన్ కలిపి టీవీ పెట్టమన్నాను. అది ఫోన్ కట్ చేయలేదు, ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం.

అప్పుడు సవరణ చదివారు. పని ఇచ్చేవారి ఆవరణలో టీ, కాఫీ, మంచినీళ్లు పుచ్చుకోవడాన్ని ఇకమీదట లోపలిమనిషి గుర్తుగా పరిగణించరు.

ఇంకా ఉంటుందనుకుని చూస్తూనే ఉన్నాను. కూర్చున్నారు. అంతే. మిగతా రూలు అలాగే ఉంది. కుర్చీ, కేకు, ఫొటో అన్నీ ఉన్నాయి. బిస్కెట్ల సంగతి ఉపసంఘానికి పంపారు. ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఫోనులో పక్కసీటు ఊపిరి వినిపిస్తోంది. అక్కా, అంతేనా అంది. నేను కట్ చేశాను.

మార్చి 26, సాయంత్రం

సంఘం గ్రూపులో మైకు వాయిస్ మెసేజ్. చారిత్రక విజయమట. మనం లేకపోతే టీ కూడా వచ్చేది కాదట. తలుపులాయన కూడా తలుపు కాస్త తెరుచుకుంది అని పెట్టాడు. చప్పట్ల బొమ్మలు వరసగా పడుతున్నాయి. కెమెరా ఆయన కూడా పెట్టాడు. వాళ్ల నాన్న కన్నీళ్లు అమ్ముకొచ్చి దీనికా చప్పట్లు కొడుతున్నాడు!

థూ. అందరి మీదా. ఆ వరండాలో రెండు కప్పులు తాగిన నా మీద కూడా.

సంఘంలోంచి బయటికొచ్చేశాను. ఇప్పుడు బయటివాళ్లకు కూడా బయటిదాన్నే.

మార్చి 31

ఆఖరి రోజు. డ్రాయింగులన్నీ సర్వర్లో పెట్టేసి, ర్యాంపు దగ్గర ఎర్ర అక్షరాలతో రాశాను. ఈ వాలు మార్చవద్దు, పిల్లలు స్వయంగా ఎక్కాలి అని. పక్కసీటును పిలిచి చూపించాను. నువ్వే కాపాడాలి అన్నాను. నువ్వు లేకుండా నా మాట ఎవరు వింటారక్కా అంది. అయినా ప్రయత్నిస్తానంది.

సాయంత్రం నాలుగింటికి మేనేజరు బయటివాళ్లను కారిడార్లోకి కాక లోపలికే పిలిచాడు. ఇక టీకి అభ్యంతరం లేదు కదా మేడం, చట్టమే ఒప్పుకుంది, అందరం కలిసి తాగి వీడ్కోలు చెప్పుకుందాం అన్నాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో! మమ్మల్ని పంపించేస్తూ తన మీద ఏ మచ్చా లేకుండా బయటపడ్డాడు. టీ పోయిస్తున్నంతసేపూ చిరునవ్వే.

పక్కసీటు కనిపించలేదు. కాసేపటికి లోపలి సింకు దగ్గర నుంచి వచ్చింది. చేతిలో నా నీలం కప్పు. పెన్సిళ్లు తీసేసి, రుద్ది రుద్ది కడిగి తెచ్చింది. లోపల ఇంకా కాస్త పెన్సిలు నలుపు ఉంది, పోలేదక్కా అంది. నిండా టీ. రెండు చేతులతో పట్టుకుని నా ముందు నిలబడింది. నవ్వబోతోంది, ఏడవబోతోంది, ఏదో ఒకటి.

కప్పు అందుకున్నాను. అందుకున్న చెయ్యి ఆగలేదు. రెండో చెయ్యి బ్యాగులోకి వెళ్లి ఫ్లాస్కు తీసింది. మూత తిప్పాను. కప్పులోని టీ ఆ మూతలో పోసుకుని, ఖాళీ కప్పు దాని చేతికి తిరిగి ఇచ్చేశాను.

ఇచ్చాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు. అది కప్పు వైపు చూసింది. నా వైపు చూడలేదు. వెళ్లి తన టేబుల్ మీద పెట్టి, పెన్సిళ్లు ఒక్కొక్కటే మళ్లీ అందులో వేసుకుంది.

చెప్పాలనుకున్నాను. ఏమని చెప్పను. పెద్దావిడకు మాత్రం ఏం చెప్పగలిగాను.

మూతలో టీ ఎవరూ చూడకుండా సింకులో పారబోసి, లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి వచ్చేశాను. కేకు తిన్న మలుపు దగ్గర ఆగలేదు.

ఏప్రిల్ 9

పక్కసీటు మెసేజ్. ర్యాంపు సగానికి కుదించారు. మందుల షాపు వస్తోంది. అక్కా అని లేదు, మేడం అని ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మా ఆయన టీ పెట్టి తెచ్చిచ్చారు. ఇది ఎవరి కప్పు అని అడిగాను.

నవ్వారు.

నేను నిజంగానే అడిగాను.